గ్రంథానికి నేసిన గుడ్డ

కొత్తకోట దాబాలో ఆగే ఒక సిక్కు లారీ డ్రైవరు అడిగితే, వాళ్ల పవిత్ర గ్రంథం మీద కప్పడానికి జరీ అంచు పట్టుగుడ్డ నేశాను. ఆ గ్రంథంలో ఒక నేతగాడి పాటలు కూడా ఉన్నాయని అతను చెప్పాక ఇంకా శ్రద్ధగా నేశాను.

అతను వచ్చేదాకా దాచమని మా చీరలు అమ్మే బావ దుకాణంలో ఇచ్చాను. ఈ రోజు దాన్ని తీసుకోవడానికి అతను గద్వాల వచ్చాడు. దుకాణానికి ఇద్దరం వెళ్తే, ఆ గుడ్డ బావ కొత్త టీవీ మీద పరిచి ఉంది. దాని మీద టీ మరక.

"ఏంది బావా గిది? దేవుని గుడ్డ గాదా?"

"జర మరకనే గదనే. ఉతికిస్తే దేవునికేం తెలుస్తది?"

నేను గుడ్డ లాక్కుని అరిచాను. పక్కనే ఉన్న డ్రైవరే నన్ను ఆపాడు.

"వద్దు అక్కా. కామం, లోభం, మోహం, అహంకారం లెక్కనే కోపం గూడ లోపలి దొంగ అని మా గ్రంథం చెప్తది."

అతనికి కొత్తది నేసిస్తానన్నాను. బావను మాత్రం క్షమించలేదు. ఆ లోపలి దొంగను ఇవాళ్టికి ఇంట్లోనే ఉంచుకున్నాను. మీరైతే తరిమేసేవారా?