చివరి వరుసలో చేతికర్ర

మేముంటున్న ఐరిష్ ఊరు బాలింకాలిగ్‌లో మా పక్కింటి ఇంగ్లిష్ పెద్దాయన లండన్‌లో నలభై ఏళ్లు నాటకాలు వేసి, వేయించి వచ్చినవారు. ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లం వేసే పద్యనాటకం కోసం నేను పెరట్లో రాగాలు తీస్తుంటే గోడ మీంచి తొంగిచూసి, "నీకు డైరెక్టర్ కావాలి" అన్నారు. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మర్నాటి నుంచే వచ్చి కమ్యూనిటీ హాల్లో చివరి వరుసలో కళ్లు మూసుకుని కూర్చునేవారు. గొంతులో అబద్ధం పలికితే చాలు, చేతికర్ర పైకి లేచేది. కర్ర లేచిందంటే మళ్లీ మొదటి నుంచీ చెయ్యాల్సిందే.

ఆఖర్న చచ్చిపోయే రాజు వేషం నాది. "చచ్చాక కదిలావో, నేనే చంపుతాను" అని ముందే హెచ్చరించారు.

ఉగాది రోజు ఆఖరి పద్యం పాడి దివ్యంగా చచ్చాను. హాలంతా ఒకటే ఈలలు. "వన్స్ మోర్! లేవండి బావగారూ, ఇంకోసారి!"

మన ఊళ్లో అయితే చచ్చిన రాజు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు. ఇక్కడ ఈయనున్నారే! భయంభయంగా ఒక కన్ను తెరిచాను. చివరి వరుసలో ఆయన కుర్చీ మీదకెక్కి నిలబడి, కర్ర గిరగిరా తిప్పుతూ అందరికంటే గట్టిగా అరుస్తున్నారు: "వన్స్ మోర్!"

లేచాను. పాడాను. మళ్లీ చచ్చాను.

తెర పడగానే పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "నలభై ఏళ్లు స్టేజీ మీద చచ్చాను. ఒక్కరంటే ఒక్కరు మళ్లీ చావమని అడగలేదయ్యా!" అని, నా కిరీటం తీసి తన నెత్తిన పెట్టుకున్నారు. "వచ్చే ఏడాది రాజుని నేనే."