మూడో రోల్లోని గూడ్సు బండి

పోయిన వారం మా ఆవిడ వంటింటి సింకు కడగడానికి వెనిగర్ సీసా మూత తీసింది. హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు ఆ పులుపు వాసన ముక్కుకి తగలగానే పేపరు దించేశాను. మస్కట్ స్టూడియో చీకటి గదిలో డెవలపర్ మందు పారబోశాక ఫిల్ము మీద పోసే ఆసిడ్ నీళ్లకి సరిగ్గా ఇదే వాసన. "ఏమైంది, గట్ల జూస్తున్నవ్?" అని అడిగింది. ఏం లేదన్నాను. అక్కడ నాకు పని ఇప్పించిన రావుగారి గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ నేను చెప్పింది సగమే. ఆయన మంచితనం చెప్పి, నా నిర్వాకం దాచుకున్నాను. ఈ వయసులో ఇంకా ఎవరికి భయపడాలి? మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

కామేశ్వరరావు గారిది సామర్లకోట. డెబ్బైల నడుమ మస్కట్ పక్కన మత్రా బజారులో ఒక ఒమానీ అర్బాబు, అంటే యజమాని, పెట్టిన ఫొటో స్టూడియోని ఆయనే నడిపేవారు. నేను అప్పటికే కరీంనగర్లో ఎనిమిదేళ్లు ఫొటోల పని చేసినవాణ్ని. అయినా వచ్చింది మాత్రం కట్టడాల కంపెనీ వీసా మీద. ఆరు నెలలు సైట్లో ఇటుకలు మోశాక, ఏదో కాగితానికి ఫొటో కావాలంటే ఆ స్టూడియోకి వెళ్లాను. కూర్చున్నవాణ్ని కూర్చోకుండా, ఎడమ లైటు కొంచెం వెనక్కి జరిపితే బాగుంటుందన్నాను. ఆయన కెమెరా వెనకనుంచి తల బయటపెట్టి, "ఎవరయ్యా నువ్వు? ఈ పనిలోవాడివేనా?" అన్నారు. నెల తిరిగేసరికి అర్బాబుతో మాట్లాడి, కాగితాలు మార్పించి నన్ను చీకటి గదిలో పెట్టారు. నా నెత్తిమీది ఇటుకలు దించింది ఆయనే. ఆ సంగతి మరిచిపోతే నేను మనిషిని కాను.

ఆ గదిలో పనంతా మంచుగడ్డతోనే. కుళాయి తిప్పితే వేడినీళ్లొచ్చే ఊరది. ఆ నీళ్లలో ఫిల్ము కడిగితే పైపూత పాలమీగడలా ఊడి చేతికొస్తుంది. చేపల మార్కెట్ నుంచి మంచుగడ్డ తెచ్చి, బకెట్లో వేసి, అందులో మందుల సీసాలు నిలబెట్టి, థర్మామీటరు ఇరవై డిగ్రీలు చూపించేదాకా కాచుకుని కూర్చోవాలి. నాకు ఓపిక తక్కువ. నేను విసుక్కుంటే ఆయన నవ్వి, "ప్రింటు చెడితే ఇంకోటి వేసుకుంటాం. ఫిల్ముకి రెండోసారి ఉండదు గంగాధరం" అనేవారు.

ఆయనకి ఒకే ఒక్క పిచ్చి, గూడ్సు బండ్లు. తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్, పెరిగింది పట్టాల పక్కన. అలాంటి మనిషి వచ్చి వచ్చి రైలు పట్టా అన్నదే లేని దేశంలో పడ్డాడు. ప్యాసింజరు బండ్లు వద్దా అని ఒకసారి అడిగితే, "ప్యాసింజరు బండికి జనం కావాలయ్యా. గూడ్సుని ఎవరూ చూడరు. అందుకే దాన్ని నేను చూడాలి" అన్నారు. ఫొటోలకి వచ్చే ఆస్ట్రియా ఇంజనీరొకాయన ఈ పిచ్చి కనిపెట్టి, ఆస్ట్రియాలో తన ఇంటి పెరట్లోంచే గూడ్సు బండ్లు కనపడతాయి, చలికాలంలో మంచు నడుముదాకా ఉంటుంది, రమ్మన్నాడు. ఆ మాట రావుగారిని మూడేళ్లు నిద్రపోనివ్వలేదు. నాలుగో ఏడు, సెలవులో పదిరోజులు కోసేశారని భార్యకి ఉత్తరం రాసి, ఆ పదిరోజులూ ఆస్ట్రియా వెళ్లారు. జన్మలో ఆమెకి ఆడిన అబద్ధం అదొక్కటేనని నాతో అన్నారు. అంటున్నప్పుడు ముఖం సంతోషంగా లేదు.

తిరిగొచ్చాక రెండు ఫిల్ము రోల్స్ నా చేతికిచ్చారు. మూడోది సగమే అయింది, ఇంకా కెమెరాలోనే ఉంది. మర్నాడు అర్బాబు ఆయన్ని రెండు రోజుల పనిమీద నిజ్వా ఊరికి పంపాడు. ఆగలేక, నన్ను కడిగి ఉంచమన్నారు. నేను ఎప్పుడూ లేనంత ఓపికగా మంచు వేసి, డిగ్రీలు చూసి కడిగాను. ఆరబెట్టి కిటికీ దగ్గర ఎత్తి చూశాను. రెండు ఫిల్ములూ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఆ నలుపు మధ్యన పలచగా, గీసీగీయనట్టు, బండి.

మా పనిలో ఫిల్ము నల్లబడిందంటే వెలుతురు ఎక్కువ పడిందని అర్థం. తెల్లది ఫిల్ము మీద నల్లగా వస్తుందని నాకు తెలియకపోలేదు. పెళ్లికొడుకు పంచె నల్లగా రావడం వందసార్లు చూశాను. కానీ భూమీ ఆకాశం కలిసి పంచెలా తెల్లగా ఉండే చోటొకటి ఉంటుందని కరీంనగర్ వాడికి ఎలా తోస్తుంది? పాపం, చలికి చేతులు కొంకర్లు పోయి వెలుతురు లెక్క తప్పారనుకున్నాను. ఇంటికి అబద్ధం రాసి మరీ వెళ్లిన మనిషి ఇది చూస్తే ఏమైపోతాడోనని భయం పట్టుకుంది. ఆయన వచ్చేలోగా నేనే బాగుచేసి పెడదామనుకున్నాను. నల్లబడ్డ ఫిల్ముని పలచన చేసే రిడ్యూసర్ మందు కలిపి, రెండు రోల్సూ అందులో ముంచాను. అది ముందు పలచగా ఉన్న చోట్లనే తినేస్తుంది. అయిదు నిమిషాల్లో మంచు మంచుగానే ఉంది, బండి పోయింది. పెట్టెలు, చక్రాలు, ఇంజను అన్నీ గాజులా అయిపోయాయి.

రావుగారు వచ్చి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. "నీళ్లు చల్లగానే ఉన్నాయా?" అని అడిగారు. "ఇరవై దాటలే సార్" అన్నాను. "టైమో?" "మీరు చెప్పినంతనే సార్." రెండూ నిజాలే. మూడో ప్రశ్న ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. "మంచుకి లెక్కవేసి బండిని మరిచినట్టున్నాను. తప్పు నాదేలే" అని ఫిల్ములు చుట్టి సొరుగులో పెట్టేశారు.

తర్వాత తొమ్మిది రోజులు నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. కళ్లు మూసుకుని లైటు లెక్క చెప్పగలిగిన మనిషి, మామూలు పాస్‌పోర్టు ఫొటోకి మూడుసార్లు మీటరు చూసుకోవడం మొదలుపెట్టారు. "ఇది సరిపోతుందంటావా?" అని నన్ను అడిగేవారు. నన్ను. కంచంలో అన్నం సగం వదిలేసేవాణ్ని. రూమ్‌లో వాళ్లు "ఇంటికాడ ఎవలకన్న బాగలేదా?" అనడిగితే కంచం తీసుకుని లేచేవాణ్ని. రోజూ పొద్దున చెబుదామనుకునేవాణ్ని, స్టూడియో తలుపు దగ్గరికొచ్చేసరికి రేపటికి వాయిదా వేసేవాణ్ని. ఉద్యోగం పోతుందని కొంత, వీసా పోయి మళ్లీ ఇటుకలకి పోవాలని కొంత, ఆయన కళ్లల్లో నేను ఏమవుతానోనని చాలా. ఒక సాయంత్రం ఆయనే, "కన్ను పోయింది గంగాధరం. ఇంటిదాన్ని మోసం చేసి వెళ్లానుగా, తగిన శాస్తే జరిగింది" అన్నారు. నోరు తెరిచాను. అంతలో ఎవరో ఫొటోకి వచ్చారు. మూసుకున్నాను.

పదో రోజు మధ్యాహ్నం ఒక గుజరాతీ గుమాస్తా వచ్చాడు. రావుగారి కెమెరా కొనడానికట. అదీ నాకప్పుడే తెలిసింది. కెమెరా అతని చేతిలో పెట్టబోతుంటే, "లోపల రోల్ ఉన్నది సార్" అన్నాను. "ఉంటే ఏముంది? అదీ ఆ బాపతేగా" అంటూ గుమ్మం ఎండలోనే వెనక మూత తీసి, ఫిల్ము పట్టుకుని లాగడం మొదలుపెట్టారు.

"సార్, ఆగుండ్రి. మీ తప్పు గాదు. నల్లగున్నదని నేనే రిడ్యూసర్ల ఏసిన. బొమ్మలు మంచిగనే వచ్చినయి సార్, నేనే పాడుజేసిన" అన్నాను. నేను ఆ నాలుగు ముక్కలూ అనేలోపు ఫిల్ము ఆయన మోకాళ్లదాకా వేలాడుతోంది.

ఆయన గుమాస్తావైపు తిరిగి, "మాఫ్ కర్‌నా భాయ్, కెమెరా నహీ దేనా" అన్నారు. అతను వెళ్లాక నన్నడిగారు. "ఎన్ని రోజులైంది?"

"తొమ్మిది దాటినయ్ సార్."

"మందులో ముంచడానికి ఎంతసేపు పట్టింది?"

"అయిదు నిమిషాలు."

"ఆ అయిదు నిమిషాలకి నేనేమీ అననయ్యా. తెలియక చేశావు. తొమ్మిది రోజులు ఎదురుగా నిలబడి నన్ను చూశావే, అది ఎలా చేశావు?" అన్నారు. వెలుతురు తగిలి ఇక పనికిరాదని తెలిసీ ఆ ఫిల్ముని జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకున్నారు.

పెట్టె సర్దుకుందామనుకున్నాను. ఆయన పొమ్మనలేదు, నాలుగు రోజులు పనిమాట తప్ప మాట్లాడలేదు. అయిదో రోజు సెలవు. నన్ను స్టూడియోకి పిలిచి, వెనక వరండాలో బల్లనిండా మంచుగడ్డ తురిమించి, దానిమీద నల్లటి కెమెరా పెట్టె పెట్టి, కరిగిపోయేలోగా మూడు బొమ్మలు తీశారు. నాచేతే కడిగించారు. ఫిల్ము నల్లగా వచ్చింది, మధ్యలో పలచగా పెట్టె. "ఇదీ మంచంటే. ఇలాగే ఉండాలి" అన్నారు. తిట్టినా బాగుండేది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

అప్పుడే మూడో రోల్లో ఏముందో చెప్పారు. చివరి రోజు, దుంగలు వేసుకున్న గూడ్సు, దుంగల మీద మూరెడు మంచు. దానికోసం మూడు గంటలు నిలబడ్డారట. ఆఖరి పెట్టెలోంచి తొంగిచూసిన గార్డు, అంత మంచులో ఈ నల్లటి మనిషిని చూసి ఆశ్చర్యపోయి, టోపీ తీసి ఎత్తాడట. "నేనూ చెయ్యెత్తాను, బటన్ నొక్కాకే" అని నవ్వారు. ఆయన మళ్లీ ఆస్ట్రియా వెళ్లలేదు.

తర్వాత నేను కరీంనగర్లో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. పెళ్లి ఫిల్ము చెడిన రోజునే ఆ ఇంటికి వెళ్లి తలుపు కొట్టి చెప్పేవాణ్ని. తిట్లు తిన్నాను, ఒకచోట చెంపదెబ్బా తిన్నాను. రాత్రికి హాయిగా నిద్రపట్టేది. రావుగారు పోయి చాలా ఏళ్లయింది. ఆ మొదటి రెండు రోల్స్ తెలియక చేసిన తప్పని ఎప్పుడో సర్దిచెప్పుకున్నాను. మూడోదానికి ఏ సర్దుబాటూ దొరకలేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఏ ఒక్కరోజు నోరు విప్పినా, టోపీ ఎత్తిన ఆ గార్డు ఈపాటికి సామర్లకోటలో వాళ్లింటి గోడ మీద ఉండేవాడు.