నేను తరమని పంది

ఒమాన్‌లో రైసూత్ పోర్టు పనిలో నాకు దొరికింది సర్వే డ్యూటీ. పేరుకే పెద్ద. ఇంజనీర్ సాబ్ దుర్బిణిలోంచి చూస్తుంటే, దూరంగా ఎండలో గీతల కర్ర పట్టుకుని కదలకుండా నిలబడాలి. ఆయన యూరప్ మనిషి, మాట తక్కువ. కర్ర వంకరపోతే చెయ్యి ఊపేవాడు. ఏడాదిపాటు మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతా ఆ చెయ్యి ఊపడమే.

ఒక మధ్యాహ్నం కర్రలు పెట్టడానికి ఆయన క్యాబిన్‌లోకి వెళ్తే ఆయన ముందు టేబుల్ మీద ఒక పుస్తకం తెరిచి ఉంది. అందులో అడవి పంది బొమ్మ. ఉండబట్టలేక బొమ్మ మీద వేలు పెట్టి, ఈటెతో పొడిచినట్టు చేసి చూపించాను. సాబ్ కుర్చీలోంచి లేచి స్టోర్ కీపర్‌ని పిలిపించాడు.

స్టోర్ కీపర్ హైదరాబాద్ ముస్లిం, నా రూమ్‌లోనే ఉండేవాడు. ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చు. ఆయన ద్వారా తెలిసింది ఏమిటంటే, సాబ్ చలికాలం సెలవులో తన దేశం వెళ్లి మొట్టమొదటిసారి పంది వేటకి పోతున్నాడు. వాళ్ల దగ్గర వేటాడాలంటే పరీక్ష పాసవ్వాలట. అది పాసయ్యాడు కానీ, పట్నంలో పెరిగిన మనిషి, అడవిలో పందిని ఎన్నడూ చూడలేదు.

"నువ్వు వేటకు పోయినవా అని అడుగుతుండు. ఆ జానవర్ పేరు మాత్రం నా నోటితోని చెప్పియ్యకు భాయ్," అన్నాడు స్టోర్ కీపర్.

పోయానన్నాను. సాబ్ నాకు కుర్చీ చూపించాడు. ఒమాన్ వచ్చాక ఒక ఆఫీసులో నన్ను కూర్చోమనడం అదే మొదలు. ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

అప్పట్నుంచి రోజూ అన్నాల వేళ పావుగంట వేట ముచ్చట. గాలి ఎటు వీస్తుంటే ఎటు నిలబడాలో, తవ్విన మన్ను చూసి పంది ఎప్పుడు వచ్చిపోయిందో ఎలా పసిగట్టాలో చెప్పాను. అవన్నీ నిజాలే. వాటి మధ్యలో ఒక అబద్ధం కూడా చెప్పాను. మా ఊరి మక్క చేల పక్కన, నా ఈటె దిగిన పందిని నేనొక్కణ్నే ముళ్లపొదలోకి తరిమి చంపానని. సాబ్ దాన్ని తన వేట ప్లాను కాగితం మీద రాసుకున్నాడు.

అసలు జరిగింది వేరు. మా దగ్గర వేటంటే ఊరు ఊరంతా కదులుతుంది. ఒక దిక్కునుంచి డప్పులతో పందిని తరుముతారు, రెండో దిక్కున వలల దగ్గర ఇద్దరిద్దరు ఈటెలతో నిలబడతారు. ఎవరి ఈటె ముందు దిగితే తలకాయ వాటా వాళ్లది. ఆ రోజు ఒక వల దగ్గర నేనూ, మా అక్క మొగుడైన బావా ఉన్నాం. బావ ఈటె దిగింది. పంది వల చించుకుని మా మీదికే వచ్చింది. నేను ఈటె పారేసి చెట్టెక్కాను. బావ తొడ చీలిపోయింది. జనం ఉరికొచ్చి పందిని చంపేసరికి నేను కిందికి దిగి నిలబడ్డాను. "ఈటె ఏసింది మా బామ్మర్దే," అన్నాడు బావ, నలుగురిలో నా పరువు పోకూడదని. మూడోనాడు చనిపోయాడు. తలకాయ వాటా నాకే ఇచ్చారు. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

సెలవుకి రెండు రోజులుందనగా సాబ్ తన ప్లాను మొత్తం చదివి వినిపించాడు. బూట్లు, కత్తి, మంచులో నిలబడే చోటు, అన్నీ ఉన్నాయి. చివరి మాట స్టోర్ కీపర్ నాకు తెలుగులో చెప్పాడు. "జానవర్ దెబ్బ తిని పొదలకు పోతే, వేటకుక్కలోడు వచ్చేదాంక ఆగాలని పుస్తకంల ఉన్నదట. ఈయన ఆగడట. నీ లెక్కనే ఒక్కడే పోతడట."

నా గొప్పకి ఇంకో మనిషి చావబోతున్నాడు.

"భాయ్, నేను చెప్పింది అబద్ధమని చెప్పు," అన్నాను. చెట్టెక్కిన సంగతి, బావ అన్న మాట, వాటా సంగతి, అన్నీ టేబుల్ వంక చూస్తూ చెప్పేశాను. స్టోర్ కీపర్ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. నేను ఆ గొప్ప రూమ్‌లో కూడా చెప్పుకున్నవాణ్నే కదా. తర్వాత ఒక్క ముక్క వదలకుండా సాబ్‌కి చెప్పాడు. ఎక్కడా పొరపాటు రాకూడదని కాబోలు, ఆ రోజు జానవర్ అనలేదు, దాని పేరే అన్నాడు.

సాబ్ తిట్టలేదు. ఆ వాక్యం మీద రెండుసార్లు గీత కొట్టి, మీ అక్కకి తెలుసా అని అడిగించాడు. తెలియదన్నాను.

సెలవు అయ్యాక సాబ్ క్షేమంగా తిరిగొచ్చాడు. ఆయన గుండు పందికి సరిగ్గా తగల్లేదట, అది పొదలోకి పోయిందట. ఆగాడట. ముందు పోయిన కుక్కని చీల్చేసిందట. "నీ మాటతోనే బతికిన అంటుండు," అన్నాడు స్టోర్ కీపర్. సాబ్ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

పరాయివాడికి చెప్పగలిగాను, అక్కకి చెప్పలేనా అనుకున్నాను. నా సెలవు రాగానే ఆ ఒక్క పని మనసులో పెట్టుకుని ఊరికి పోయాను. అక్క నాకు అన్నం పెట్టి, కూతుర్ని నా పక్కన కూర్చోబెట్టింది. తండ్రి పోయేనాటికి చంటిపిల్ల, ఆయన మొహం కూడా తెలియదు.

"మా నాయన మీదికొచ్చిన పందికి నువ్వు ఈటె ఎట్ల ఏసినవ్ మామా?" అని అడిగింది.

అక్క కూడా నా వంకే చూస్తోంది. సాబ్‌కి మొదట చెప్పినట్టే, ఈటె నాదేనని మళ్లీ చెప్పాను.