ఉర్దూ గడుల్లో మా మాటలు

నాకు అక్షరాలు వచ్చింది నలభై మూడో ఏట. నలభై ఐదు నిండకముందే ఇతరుల తెలుగు దిద్దే పనిలో పడ్డాను. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ ఎవరూ పూర్తిగా నమ్మరు.

కర్నూలు నుంచి ఓర్వకల్లుకు పోయే దారిలో మా ఊరు. అక్కడ మహిళా సంఘాల శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. పొద్దున తాళాలు తీసి, ఊడ్చి, తాగే నీళ్లు నింపిపెట్టడం నా పని. మధ్యాహ్నం అక్కడే జరిగే పెద్దవాళ్ల బడిలో కూర్చుని చదవడం నేర్చుకున్నాను. రెండు వేల ఏడో, ఎనిమిదో, ఆ కేంద్రానికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. ఇంటర్నెట్టులో పాఠాలు చదివి, అందులోనే పరీక్ష రాస్తే సర్టిఫికెట్టు ఇస్తామన్నారు.

కేంద్రాన్ని చూసుకునే మేడం గుంటూరు వైపు మనిషి. చాలా మంచిది. వాక్యానికి రెండు 'అండీ'లు వేయకపోతే ఆమెకు ఊపిరాడదు. పాఠాలను తెలుగు చేసింది మాత్రం ఆమె కాదు, హైదరాబాదులో ఎవరో. ఒకరోజు తెర మీద ఒక వాక్యం చూపించి చదవమంది. 'వస్త్రపు అంచును లోపలి దిశకు మడచి సీవనము గావింపవలెను' అని ఉంది. కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్లాను.

"ఏం అర్థమైందండీ?"

"ఏదో పూజ మాదిరుండాది మేడం. మధ్యలో గుడ్డ ఒకటి వచ్చినట్టుండాది."

ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇకనుంచి మీరు చూసి పెట్టాలండీ. మీకు అర్థమైతే ఈ జిల్లాలో అందరికీ అర్థమైనట్టేనండీ" అంది. నేను పొంగిపోయాను. అది పూర్తిగా పొగడ్త కాదని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

అట్లా ఆ పాఠాల్లో నాకొక పేరు, ఒక పని ఏర్పడ్డాయి. తెర మీద ఎడమవైపు గడిలో ఇంగ్లీషు, కుడివైపు గడిలో తెలుగు. ఇంగ్లీషులో ఏముందో మేడం నోటితో చెప్పేది. దాన్ని మావాళ్లు ఎట్లా అంటారో నేను చెప్పి, ఒంటివేలితో కొట్టేదాన్ని. 'గుడ్డ అంచు లోపలికి మడిచి కుట్టండి.' కింద 'పూర్తయింది' అని ఒక బొత్తాం ఉండేది. అది నేను నొక్కితేగాని ఆ వాక్యం చెల్లదు. ఇంట్లో నేను సరేనన్నా కాదన్నా జరిగేవి జరిగిపోయేవి. ఇక్కడ ఒక వాక్యం నా వేలి కోసం ఎదురుచూసేది. ఆ బొత్తాం అంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టమే ఏర్పడింది.

పాఠం మూసే చోట 'నిష్క్రమించు' అని ఉంటే తీసేసి 'పోయొస్తా' అని పెట్టాను. ఎవరింటినుంచైనా లేచేటప్పుడు ఉత్తగా పోతానంటే బాగుండదు కదా. హైదరాబాదు ఆఫీసు వాళ్లు అభ్యంతరం చెప్పలేదు. బహుశా చూసి ఉండరు.

ఇంతలో మా పక్కింటామె సంగతి వచ్చింది. ఆమె ముస్లిం. నాకంటే ఐదారేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాళ్లింట్లో మాట్లాడేది మా తెలుగే, కానీ చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. మా ఊళ్లో జాకెట్లు అన్నీ ఆమె మిషను మీదే పుట్టేవి. ఎంతమంది ఆడపిల్లలకు కుట్టు నేర్పిందో ఆమెకే తెలియదు. కేంద్రంలో కుట్టుపని టీచరు ఉద్యోగం వస్తోందనగానే, అది ఆమెదేనని ఊరంతా అనుకున్నాం. సర్టిఫికెట్టు ఉంటేనే ఇస్తామన్నారు. నెలాఖరులోగా పాస్ కాకపోతే నంద్యాల నుంచి ఎవరినో పంపుతారట.

ఆమెకు తెలుగు చదవడం రాదు. భాషలు ఎంచుకునే చోట నొక్కితే మూడు పేర్లు వచ్చేవి: ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ. ఉర్దూ పేరు చూసి ఆమె ముఖం వెలిగింది. నొక్కింది. ఉర్దూ కుడినుంచి రాస్తారు కాబట్టి పేజీ మొత్తం కుడివైపుకు జరిగింది, లోపల మాత్రం ఇంగ్లీషు అట్లాగే ఉంది.

"ఇల్లు మారినారు గానీ సామాన్లు తెచ్చుకోలేదక్కా" అంది.

మేడం ఆఫీసుకు ఫోన్ చేసింది. ఉర్దూ చేసేవాళ్లు దొరకలేదు, మీ దగ్గర ఎవరైనా ఉంటే గడులు నింపండి, అన్నీ నిండి 'పూర్తయింది' అని పడితే ఆ భాషలో పరీక్ష తెరుచుకుంటుందన్నారు. పరీక్షకు తొంభై గడులున్నాయి.

ముగ్గురం కూర్చున్నాం. మేడం ఇంగ్లీషు చూసి ప్రశ్న చెప్పేది, నేను దాన్ని మా మాటల్లోకి తెచ్చేదాన్ని, పక్కింటామె ఉర్దూ అక్షరాలు అంటించిన కీబోర్డు మీద కొట్టేది. పని ఎంత చక్కగా సాగిందంటే, ఆరు రోజుల్లో అయిపోయింది. తొంభైసార్లు 'పూర్తయింది' నొక్కాను. ఆమె పరీక్ష రాసింది. నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ సాయంత్రం వాళ్లింట్లో సేమ్యా పాయసం నేను రెండు గిన్నెలు తాగాను.

నాలుగు రోజులకు ఆఫీసు వాళ్లు కొత్త ఉర్దూను ఒకసారి చూడమని కర్నూలు పాతబస్తీ నుంచి ఒక ఉర్దూ మాస్టారిని పంపారు. పెద్దాయన, స్కూటరు మీద వచ్చాడు. అద్దాలు పెట్టుకుని మొదటి గడి చూశాడు. పెదవులు కదిలాయి. రెండోది చూశాడు. అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది ఏ ఊరి ఉర్దూమ్మా?"

"ఈ ఊరిదే సార్" అంది పక్కింటామె గర్వంగా.

ఆయన గట్టిగా చదివాడు. "చంక కాడ బిగువైతే యాడ విప్పి కుట్టాల?" చదివి ఆగిపోయాడు. "అక్షరాలు ఉర్దూవే. మాట ఒక్కటి గూడా ఉర్దూ కాదు. నేను ఉర్దూ చదువుతాంటే నా నోట్లోంచి తెలుగొస్తాండాది!"

పక్కింటామె ఇరవై ఏళ్లుగా కొలతల పుస్తకం అట్లాగే రాసుకుంటోంది. నడుము, చేతి పొడుగు, మెడ లోతు, ఎవరు ఏం చెబితే అదే, ఉర్దూ అక్షరాల్లో. నేను చెప్పింది విని, అలవాటు ప్రకారం అట్లాగే కొట్టింది. ఉర్దూ అక్షరాలు కాబట్టి ఉర్దూయే అనుకుంది. మేడంకు ఆ లిపి రాదు. ఇక నేనైతే తొంభై గడుల కిందా సంతకం చేసినదాన్ని.

"ఇవన్నీ అయినాయని నొక్కిందెవరు?"

"నేనే సార్."

"నీకు ఉర్దూ చదవను వస్తాదా?"

"తెలుగే మొన్న వచ్చింది సార్."

ఆయనకు నవ్వొచ్చింది, ఆఫీసుకు రాలేదు. ఆ పరీక్ష చెల్లదు, సరైన ఉర్దూలో మళ్లీ రాయాలన్నారు. నెలాఖరుకు ఎనిమిది రోజులుంది. పక్కింటామె నాతో మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయింది. గోడ అవతల ఆమె మిషను చప్పుడు వినపడని సాయంత్రం అదొక్కటే. తెల్లవారి నేనే వెళ్లి గడపలో నిలబడ్డాను.

"తప్పు నాదే మే. చదవరాని దానికింద వేలు పెడితిని."

"నీదొక్కదానిదే ఎట్లయితాదక్కా? రాసేదాన్ని నేను గూడా ఉర్దూనే అనుకొంటి కదా." మిషను మీది గుడ్డ సర్దుకుంటూ, "తొంభై ఆరు పాయె" అంది. నవ్వలేదు.

మాస్టారు మళ్లీ వచ్చి అసలైన ఉర్దూలో రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం ఆమెతో చదివించాడు. ఎక్కడా తడబడకుండా గలగలా చదివింది. ఆయన సంతోషించాడు.

"అర్థమేంది?"

"చదవమంటే చదివినా సార్. అర్థం గూడా అడుగుతారని చెప్పలేదు."

మేడం నా వైపు చూసింది. నాకు ఉర్దూ రాకపోయినా పక్కింటామె ముఖం చదవడం వచ్చు. పూజలో గుడ్డ దొరికిన రోజు నాదీ ఆ ముఖమే. మాస్టారు వైపు తిరిగి అడిగాను.

"సార్, ఇదే మాట మీ ఇంట్లో ఆమె టైలరుకు చెప్పాల్నంటే ఎట్ల చెప్తాది?"

ఆయన నన్ను ఒక క్షణం చూసి, రాసింది చెరిపేసి, మళ్లీ కొట్టాడు. ఈసారి పక్కింటామె సగం చదవకముందే, "ఓ, చేతికింద ముక్క సంగతా! ముందే ఇట్ల రాయొచ్చు కదా సార్" అంది.

"మా ఇంట్లో మాట ఈడికొచ్చి రాస్తానని ఎవరనుకొన్యారమ్మా" అన్నాడాయన.

అట్లా ఐదు రోజులు. ఉద్యోగంలో నాకు మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే. గడి గడికీ అడిగేదాన్ని. ఆమె చదివి అర్థం తెలుగులో చెబితేనే నొక్కేదాన్ని. ఒకసారి ఆమె ఊరికే తలూపితే నేను వేలు వెనక్కి తీసుకున్నాను. మాస్టారు గమనించి, "ఈమె ఇప్పుడు జడ్జీ అయిపాయె" అన్నాడు. అవును, అప్పుడు కొంచెం అయిపోయాను.

గడువుకు ఒకరోజు ముందు ఆమె పరీక్ష రాసింది. మేడం, నేను వరండాలో కూర్చున్నాం. కరెంటు పోకూడదని మేడం ఏ దేవుడికి మొక్కిందో చెప్పలేదు గానీ, పోలేదు. పక్కింటామె బయటికి వచ్చి చేతివేళ్లతో చెప్పింది: ఎనభై ఒకటి. పాసయింది. మేడం ఎగిరి గంతేసింది. పాసైన మనిషి మాత్రం మూతి ముడుచుకుంది.

"మన మాటల్లో అయితే తొంభై ఆరొచ్చినాయి. పదహైదు మార్కులు మాస్టారు తిన్యాడు."

ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. సర్టిఫికెట్టు మరుసటి నెల పోస్టులో కేంద్రానికి వచ్చింది. కవరు చింపి, అటు తిప్పి ఇటు తిప్పి నాకిచ్చింది. నేనూ అటూ ఇటూ తిప్పాను. మొత్తం ఇంగ్లీషు.

"దీంట్లో నా పేరు యాడుండాదక్కా?"

"పెద్దగా ఉండేదేమో చూడు మే."

"పెద్దవి రెండుండాయి."

మేడం వచ్చి పేరు మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత మొత్తం చదివి, తెలుగులో చెప్పింది. ఆమె ఇంకోసారి చదవమంది. మేడం ఇంకోసారి చదివింది. అప్పుడు ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మిషను సొరుగులో కత్తెర కింద దాచింది. మడవకూడదండీ, పాడైపోతుందండీ అని మేడం అంటూనే ఉంది. ఆమె అప్పటికే గుమ్మంలో నిలబడి, లోపలికి వస్తున్న ఆడపిల్లలను ఆపేసింది.

"చేతులు కడుక్కోని రాండి. తెల్లగుడ్డ కోయాల ఈ పొద్దు."