నేను చల్లిన పసుపునీళ్లు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న పిల్ల పట్టపగలు పసుపునీళ్లకు జడిసి, గద్వాల వీధిలో చెప్పుల్లేకుండా పరుగెత్తిన వైనం ఇది. ఆ పిల్లను నేనే. దాచి లాభం లేదు, వీధంతా చూసింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. పదో తరగతి దాకా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్న నాకు చదువంటే ఆశ ఎక్కువ. ఎమ్మెస్సీ చాలదన్నట్టు, కెమిస్ట్రీనీ చేనేతనీ కలిపి చెప్పే సర్టిఫికెట్ కోర్సులోనూ చేరాను. నా చేతులతో శుద్ధి చేసిన పట్టునూలు చిలప, అంటే పోగుల కట్ట, ఒకటి మర్నాడు చూపించాలి. లేకపోతే సర్టిఫికెట్ లేదు.

మేనమామ మగ్గాల కొట్టంలో పొద్దున్నే చాకలిసోడా నీళ్లలో పట్టు ఉడికించి, జిగురు వదిలించి, సరిగా జాడించకుండానే ఆరేశాను. సగం నీళ్లు నేలపాలు. మధ్యాహ్నం చూడబోతే అక్కడ పురుగు కూడా లేదు. అమావాస్య నాడు మావాళ్లు మగ్గం ఎక్కరు. రోజూ చెవులు హోరెత్తించే చోటు ఊపిరి బిగబట్టినట్టుంది. మగ్గం గుంటలు ఎవరికోసమో నోళ్లు తెరుచుకున్నాయి. గాలి లేదు. అయినా ఒక మగ్గం మీద పోగులు, ఎవరో గుంటలో కూర్చుని వేలితో మీటినట్టు సన్నగా వణికాయి.

దేవుణ్ణి తలచుకుని, గుమ్మం దగ్గర పూజకు కలిపి పెట్టిన పసుపునీళ్లు చల్లాను. చుక్క నేలను తాకగానే ఎర్రబడింది. మళ్లీ చల్లాను. మరింత ఎరుపు. చిలప మీద పడినవి కూడా నెత్తురులా కిందికి జారాయి. ఆ పైన కాళ్లు నన్ను అడగలేదు.

అరుగు మీదున్న మామ నన్ను ఆపాడు. కొట్టంలో ఎవరో ఉన్నారని, రక్తం కారుతోందని చెప్పాను.

“ఎవరిది బిడ్డా? నీదైతే గాదు, గింత జోరుగ ఉరుకుతున్నవు.”

చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లాడు. పూజ పళ్లెంలోని నిమ్మకాయ కోసి చిలప మీద పిండాడు. ఎరుపు కాస్తా పసుపైంది. దయ్యం వదిలిందని నేను చేతులు జోడించాను.

“దయ్యం గాదు, నువ్వు ఒలకబోసిన సోడా. ఇంట్ల దిష్టినీళ్లకు పసుపుల సున్నం గలిపితే ఏమైతది?”

“ఎర్రగైతది.”

“మరి మీ కాలేజీల?”

“గట్లనే మామా. క్షారం తగిలితే ఎర్రగైతది.”

“రెండు సదువులు గలిపి నేర్వనీకి పోయినవు. రెండూ ఒక్కపారే మర్చినవు.”

మరి ఆ పోగులెందుకు వణికాయని అడిగాను. మామ ఆ మగ్గం వైపు ఒక్క క్షణం చూశాడు.

“జర బయటికి నడువు బిడ్డా.”

మచ్చలు పోవని చిలప కడిగి, మొత్తం పసుపులోనే ముంచాం. సహజ రంగు బాగా పట్టిందని కోర్సు మాస్టారు మెచ్చుకుని సర్టిఫికెట్ ఇప్పించారు. దేవుడికీ, మామకూ, ఆ నిమ్మకాయకూ నేటికీ రుణపడి ఉన్నాను. సోడా ఒలికిన చోట పసుపు చల్లనని ఆనాడే ప్రమాణం చేశాను. అమావాస్య నాడు ఆ కొట్టం గడప తొక్కనని కూడా. మొదటిదానికి కారణం కెమిస్ట్రీలో ఉంది. రెండోదానికి ఏ కోర్సులోనూ దొరకలేదు.