గొంతు మార్చిన ఏడుపు

సినిమా నటులు ఒకరు కర్నూలులో చీరలూ గుడ్డలూ అమ్మే మా దుకాణంలోనే బట్టలు కుట్టించుకునేవారు. ఆడకొలతలా మగకొలతలా అని అడిగితే, "రెండూ కాదప్పా. భుజం కొలత రాసుకో, చాలు" అనేవారు. బేరంలో నన్ను ఓడించింది ఆ ఒక్కరే. దానికి నాకు కోపం లేదు.

కోపం వేరే. గండికోటలో తీసిన సినిమాలో తనకు శవం ముందు ఏడ్చే సన్నివేశం దొరికింది. మా అద్దం ముందే సాధన చేస్తుంటే నేను కత్తెర పక్కన పెట్టి చూశాను. విడుదలయ్యాక నన్నూ తీసుకుపోయారు. తెర మీద అదే ఏడుపు, గొంతు మాత్రం తనది కాదు. ఎవరిదో కీచుగొంతు అతికించారు. హాలంతా నవ్వింది. సిగ్గులేనివాణ్ణి, నేనూ నవ్వాను.

"నువ్వు గూడా నగితివా అన్నా?" అన్నారు. మళ్లీ మా దుకాణం మెట్లెక్కలేదు.

మొన్న ఆ సినిమా మేనేజరు వచ్చాడు. మా పక్కనే ఉన్న కల్లూరువాడే.

"ఆ యాక్టరుకే ఇంగో కామెడీ వేషం ఉండాది. మెరుపుల చీర తియ్యన్నా, చూస్తానే జనం నగల్ల."

వచ్చిన బేరాన్ని వదలని వంశం మాది. అయినా లేదన్నాను.

"అరల నిండా పెట్టుకోని లేదంటావేందన్నా?"

"ముందు ఆ గొంతు తిరిగియ్యి పో. అప్పుడు తీస్తా."