విడాకుల తరవాత వచ్చిన వియ్యంకులు

మా షర్మిలకీ ల్యూక్‌కీ విడాకులైపోయి ఏడాది తిరక్కుండానే, ల్యూక్ అమ్మా నాన్నా ఫ్రాన్స్ నుంచి మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో మా ఇంటికి దిగినారు. ఎందుకొచ్చినారని నన్నడక్కండి. అప్పుడు తెలీలేదు, ఇప్పుడూ సగమే తెలుసు.

నా పేరు విజయరాణి. జాకెట్లు కుట్టుకునే మనిషిని. మా తాత సిక్కోలు నుంచి రబ్బరు తోటకొచ్చినాడు, మా అమ్మ రబ్బరు సెట్లు గీసింది, నేను గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిసేసి సేసి కుట్టు మెషీను కొనుక్కున్నాను. మా పిల్లేమో ఫ్రాన్స్‌లోని లియోన్లో సదువుకోడానికెళ్ళి ఆ ఊరి కోడలైపోయింది.

పెళ్ళికి మమ్మల్ని పిలిపించినారు. వియ్యపురాలు మిరేయ్‌ని సూసినప్పుడు నా కళ్ళు మనిషి మీద కాదు, కోటు మీద పడ్డాయి. లోపలి కుట్టు కూడా పైకుట్టంత సక్కగా ఉన్నాది. అంత కోటేసుకుని మెడ బోసి, సేతులు బోసి, తెల్లజుట్టుకి రంగు కూడా లేదు. వియ్యంకుడు ఎతియెన్ మెడలో పట్టుగుడ్డ, కాళ్ళకి ఎన్నాళ్ళవో బూట్లు. "ఉన్నోళ్ళా, లేనోళ్ళా?" అని మా ఇంటాయన కాంతయ్య నా సెవిలో అడిగినాడు. నేనేటి సెప్పేది?

భోజనం ఇంకా సిత్రం. మధ్యాన్నం కూకుంటే పొద్దు వాలేదాకా లేవరు. రొట్టెని పళ్ళెంలో కాదు, బల్లగుడ్డ మీదే పెడతారు. ఇంతలో తండ్రీ కొడుకూ అరుసుకోడం మొదలెట్టినారు, మిరేయ్ బల్ల మీద కొట్టింది. పెళ్ళి సెడిపోయిందిరా దేవుడా అనుకున్నాను. షర్మిల నవ్వి, "ఓట్ల గురించి మా, సుమ్మా, ఊరికే మాట్లాడుకుంటున్నారు" అన్నాది. కాఫీ తాగి అందరూ బుగ్గలకి బుగ్గలు ఆనించుకున్నారు. మా ఇంటాయన మాత్రం గోడకి అతుక్కుపోయినాడు.

అలాంటోళ్ళింట్లో విడాకులు మాత్రం ఎవరి గొంతూ లేవకుండా అయిపోయినాయి. తప్పెవరిదే అంటే, షర్మిల "ఎవరిదీ కాదమ్మా" అని ఆకుకందకుండా పోకకి పొందకుండా సెప్తాది. తప్పు లేకుండా విడాకులేటి? నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంటికొచ్చేయ్ అని రోజూ ఫోన్లో పిలిసేదాన్ని. రాదు. పరాయి దేశంలో మొగుడు లేకుండా నా పిల్ల ఎవరి మొకం సూసుకుని బతుకుతాదని నాకు నిద్ర పట్టేది కాదు. అందుకే ఆళ్ళొస్తున్నారని తెలిసినప్పుడు, షర్మిలని పంపించెయ్యమని ఆళ్ళకే సెప్పాలని గట్టిగా అనుకున్నాను.

గుమ్మంలో మిరేయ్‌ని సూసి వదినా అనబోయి ఆగిపోయినాను. మాలో పెళ్ళి పెటాకులైతే వియ్యం తెగినట్టే, ఈదిలో ఎదురైనా తల తిప్పుకుంటాం. మరి ఈవిడని ఏటని పిలవాల? కాంతయ్యకి అవేవీ పట్టవు. "రండి బావగారూ" అనేసినాడు. ఇంకేటి, లోపలికి రమ్మన్నాక అన్నం పెట్టాల గదా. కోడికూర వండినాను. నలగని గుడ్డ ఒక్కటీ మిరేయ్ ఒంటి మీద లేదు గాని ఆ నలుగుడు కూడా అందంగానే ఉన్నాదావిడికి. సేత్తో కలుపుకుని తిన్నాది.

తిన్నాక నా మెషీను పక్కన కూకున్నాది. మా ఇద్దరి ఇంగిలీసూ కుంటిదే. ఎలాగో నడిపించినాం.

"షర్మిలకి అక్కడింకేటుంది? మీరు సెప్తే వింటాది. పంపించెయ్యండి" అన్నాను.

"ప్రతి ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తుంది" అన్నాది మిరేయ్.

"ఇప్పుడు కూడానా? మరి ల్యూక్?"

"వాణ్ణి శనివారం రమ్మన్నాను. కొత్త అమ్మాయితో వస్తున్నాడు. వాడికి కోపమొచ్చింది, రానీ. ఆదివారం షర్మిలది. మీకు నిద్ర పట్టడం లేదని తనే చెప్పింది, అందుకే ఈ మాట మీకు ఎదురుగా చెబుదామని వచ్చాం."

కన్నకొడుకుని పక్కరోజుకి నెట్టి, కోడలు కూడా కాని పిల్లకి తన ఆదివారం ఇచ్చిందా? మంచితనమా, పిచ్చా? నా పిల్లని తన పిల్ల సేసేసుకుంటున్నాదని కోపమొచ్చింది. దానికి అన్నం పెట్టే సెయ్యొకటి అక్కడున్నాదని ఏడుపూ వచ్చింది. రెండూ ఒక్కసారే వస్తే మనిషి ఏటి సెయ్యాల? లేసెళ్ళి టీ పెట్టినాను.

ఆళ్ళెళ్ళిపోయినారు. మొన్న షర్మిల ఫోన్ సేసింది.

"అమ్మా, నువ్వు సెప్పిందే సరి. ఇక్కడ అన్నీ సర్దేసి ఇంటికొచ్చేస్తాను."

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే గదా నేను మొక్కని దేవుడు లేడు. రామ్మా అనాల గదా. కాంతయ్య పక్కనుండి అనమని సైగ సేస్తున్నాడు కూడాను. నా నోట్లోంచి వచ్చిందేటంటే,

"మరి ఆదివారం మీ అత్త ఎవరికి వండుతాది?"